పాత కరోలా ముందర టక్ టక్: షాకబ్జర్లు మార్చాల్సిందేనా?

అడిగినవాడు: అన్నలకు, అక్కలకు నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మిషిగన్‌కి కొత్త. 2009 కరోలా తీసుకున్నా. చిన్న గుంతల్లో పోతా ఉంటే ముందర కుడిపక్క టక్ టక్ అంటాది. గ్యారేజీ వాళ్లు షాకబ్జర్లు రెండూ మార్చాలంటున్నారు. మన రేణిగుంట రోడ్డు అయితే తెలిసిన మెకానిక్కు అప్పజెప్పేసేవాణ్ణి. ఇక్కడ ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు.

చిత్తూరు అన్న: డబ్బులు కట్టకుండా కొంచెం ఆగు తమ్ముడూ. షాకబ్జర్ పోతే గుంత దాటినాక కూడా బండి ఊగుతానే ఉంటాది, బ్రేకేస్తే ముక్కు బాగా కిందికి పోతాది, గొట్టం మీద ఆయిల్ కారి దుమ్ము పట్టింటాది. ఇవేవీ లేకుండా ఉత్త టక్ టక్ అంటే నా అనుమానం లింక్ రాడ్ మీద. మలుపుల్లో బండి ఒరగకుండా రెండు చక్రాల మధ్య స్టెబిలైజర్ బార్ అని ఒక కడ్డీ ఉంటాది, దాన్ని చక్రం పక్కకి కలిపే చిన్న కడ్డీ ఇది.

ఊర్లో మెకానిక్ ఒక రౌండు కొట్టొచ్చి, మనం టీ తాగేలోపల విప్పేస్తాడు. ఇక్కడ విప్పేదానికి గంటల లెక్కన కూలి. అందుకే శబ్దం ఎప్పుడు వస్తాదో నువ్వే కనిపెట్టుకొని పోవాల.

ఖాళీ పార్కింగ్ లాట్‌కి పోయి, అద్దాలు దించి, పాటలు ఆపెయ్. స్పీడ్ బ్రేకర్ మీదికి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కించు. మళ్లీ వచ్చి ఒక్క చక్రమే ఎక్కేట్టు పో. రెండూ ఎక్కినప్పుడు గమ్మునుండి, ఒకటి ఎక్కినప్పుడు కటకటమంటే లింక్ రాడ్డో, స్టెబిలైజర్ బార్ బుష్షో (దాన్ని పట్టుకునే రబ్బరు) అయ్యుంటాది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బార్ మెలి తిరగదు గదా. ఇంకా అనుమానముంటే రెండుపక్కలా లింకులు విప్పేసి వీధి చివరిదాకా మెల్లిగా పోయి రా. శబ్దం పోయిందా, దొంగ దొరికినట్టే. హైవే మాత్రం ఎక్కొద్దు, మలుపుల్లో బండి బాగా ఒరుగుతాది.

నిలబెట్టిన బండిలో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ టంగుమంటే పైన మౌంట్ (షాకబ్జర్‌ని బాడీకి బిగించే చోటు) చూడాల. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు పోతే వరసగా టకటకమనేది యాక్సిల్ జాయింట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ కీలు). వేగంతోపాటు పెరిగే గుయ్యిమనే మోత వీల్ బేరింగ్‌ది. బ్రేకేసినప్పుడు ఒక దడ్, వదిలినప్పుడు ఇంకో దడ్ అంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందినుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) బుష్. భాకరాపేట ఘాట్ దిగితే ఇది మలుపు మలుపుకీ పట్టుబడుతుంది. నీకు ఆ ఘాట్ లేదు కాబట్టి లాట్‌లోనే ముందుకూ వెనక్కూ పోతా బ్రేకేసి చూడు.

కుడిపక్క అని కూడా ఇప్పుడే తేల్చెయ్యొద్దు. శబ్దం బాడీ వెంబడి పాకి వస్తాది. రూమ్మేట్‌ని బయట నిలబెట్టి వినమను.

మదనపల్లె అక్క: అన్న చెప్పిందంతా సరే గానీ, అన్నిటికన్నా ముందు బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ కొనలో చక్రం పక్కని పట్టుకునే గుండు కీలు) చూడు. అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగ్ నీ మాట వినదు. ఉత్త జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపు, కదిలితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఎడమా కుడీ పట్టుకొని ఊపినప్పుడే కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ కొన). బాల్ జాయింట్ మీది రబ్బరు బూటు (తొడుగు) చినిగి గ్రీజు బయటికొచ్చిందేమో టార్చ్ వేసి చూడు.

లింకులు నువ్వే మార్చుకోవచ్చు. కాకపోతే చలికాలం ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, నట్లు తుప్పుతో బిగుసుకొని ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టు. నట్టుతోపాటు లోపలి బోల్టూ తిరుగుతా ఉంటే దాని కొనలో ఆలెన్ కీ పెట్టి పట్టుకో. ఎప్పుడన్నా లోయర్ ఆర్మ్ బుష్షులు మారిస్తే ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చినుగుతుంది. తొందరపడే గ్యారేజీలు ఇది ఎగ్గొడతాయి.

అడిగినవాడు: చూసినా అక్కా. లింకులు రెండూ వదులుగా ఉండాయి. కుడిపక్క బాల్ జాయింట్ బూటు కూడా చినిగింది, ఊపితే ఆర్మ్ దగ్గర కొంచెం ఆడతా ఉంది. రేపు ఆఫీసుకి మెల్లిగా పోయి, శనివారం చేయించుకుంటే పర్వాలేదా?

మదనపల్లె అక్క: వద్దు, రేపు ఎవరినన్నా రైడ్ అడుగు. నీ ఇన్సూరెన్స్‌లో టోయింగ్ ఉందేమో చూసి బండిని లాగించు. కరోలాకి బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌కి బోల్టులతో విడిగా ఉంటుంది, ఆర్మ్ మొత్తం మార్చాలంటే ఎందుకని అడుగు. పని మొదలుపెట్టకముందే ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకో. తీసేసిన పాత సామాను చూపించమని కూడా అప్పుడే చెప్పెయ్.