నిలకడ, స్థిరత్వం: ఏది దేనికి?

ప్రశ్న (గుంటూరు నుంచి): డిగ్రీ పిల్లలకు ద్రవాల ప్రవాహం గురించి తెలుగులో చెబుతున్నాను. ‘స్టెడీ’కీ ‘స్టేబుల్’కూ వాళ్లు ‘నిలకడ’ అనే రాస్తున్నారు. దిద్దాలా, వదిలేయాలా?

జవాబు (విజయవాడ నుంచి): తప్పకుండా దిద్దాలండీ. ఈ రెండూ కలిసిపోతే బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1923లో తేల్చిన విషయం చెప్పడానికి మాటే మిగలదు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద నిలకడగా ఉందని పత్రికలో చదివితే నీరు ఆగిపోయిందని ఎవరూ అనుకోరు. ప్రవాహం గంటగంటకూ మారడం లేదని అర్థం. ‘స్టెడీ’కి ఇంతకంటే చక్కని మాట లేదు, దాన్ని అక్కడే ఉంచాలి. ‘స్టేబుల్’కు పుస్తకాల మాట ‘స్థిరం’.

ఇక టేలర్ ప్రయోగం. ఒకదానిలో ఒకటి నిలిపిన రెండు స్థూపాలు, వాటి మధ్య సందులో ద్రవం. లోపలిదాన్ని తిప్పితే ద్రవం పొరలుగా తిరుగుతుంది. లోపలి పొర వేగంగా, బయటి పొర నెమ్మదిగా, ఒకదాని పక్కన ఒకటి జారుతూ. ఎంత వేగంగా తిప్పినా ఈ నిలకడ ప్రవాహం సమీకరణాలకు సరైన సాధనే. అయినా వేగం ఒక హద్దు దాటితే అది ప్రయోగంలో నిలవదు. ఏ చిన్న కదలిక తగిలినా అది పెరిగిపోయి, ఉంగరాల్లాంటి సుడులు వరుసగా పేరుకుంటాయి. హద్దు దాటిన కొత్తలో ఆ సుడులూ నిలకడగానే ఉంటాయి! పోయింది స్థిరత్వం, నిలకడ కాదు.

స్నిగ్ధత (పొరల మధ్య రాపిడి) లేని ద్రవం స్థిరంగా ఉండడానికి బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త రేలీ 1917లోనే నియమం చెప్పాడు: బయటికి వెళ్లేకొద్దీ కోణీయ ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, తిరిగే వేగం, ఇరుసు నుంచి దూరం, ఈ మూడింటి లబ్ధం) తగ్గకూడదు. లోపలి స్థూపం ఒక్కటే తిరిగితే అది తగ్గుతుంది కాబట్టి, ఎంత నెమ్మదిగా తిప్పినా స్థిరత్వం ఉండకూడదు. ఆ కదలికలను కొంత వేగం దాకా అణచి ఉంచేది స్నిగ్ధతే. ఎంత దాకా అన్నది లెక్కగట్టి, ప్రయోగంతో సరిపోల్చి చూపాడు టేలర్. ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది, లెక్కా ప్రయోగమూ అంత దగ్గరగా కలవడం.

వ్యాఖ్య (తెనాలి నుంచి): ‘స్థిర’ అన్నా కదలనిదనే కదండీ? స్థిరాస్తి, చరాస్తి అంటాం. తిరిగే ద్రవానికి స్థిరత్వం ఏమిటని పిల్లలు అడగరా?

జవాబు: అడుగుతారు, అడగాలి కూడా. పుస్తకాల్లో నాటుకుపోయిన మాట గనక పరీక్షలో ‘స్థిరత్వం’ ఉండనివ్వండి. అర్థం చెప్పేటప్పుడు మాత్రం ‘తేరుకోవడం’ అనండి. కలక బారిన నీరు తేరుకుంటుంది, దిగులు పడ్డ మనిషీ తేరుకుంటాడు. కదలిక తగిలిన ప్రవాహం తిరిగి తన తీరుకు రావడమూ అదే.

ఇంకో లాభం ఉంది. తేరుకుంది అనగానే ‘దేని నుంచి?’ అని అడుగుతాం. గణితంలోనూ అది అడగాల్సిందే. బయటి స్థూపం మాత్రమే తిరిగేటప్పుడు ప్రవాహం అతి చిన్న కదలికల నుంచి ఎప్పుడూ తేరుకుంటుంది. వేగం బాగా ఎక్కువైతే పెద్ద కుదుపు నుంచి తేరుకోక సంక్షుబ్ధం (అల్లకల్లోలం) కావచ్చు. ఉత్త ‘స్థిరం’ అని రాసి ఊరుకుంటే ఈ తేడా పిల్లల కంట పడదు.