డింగీ (పెద్ద బోటుతో తీసుకెళ్లే చిన్న బోటు) ముందు డెక్కు మీదా, వెనక డేవిట్లకా (దాన్ని వేలాడదీసే ఇనప చేతులు)? ఇద్దరే ఉంటే దింపడం ఎలా?

ఛత్రపురం_తెరచాప
34 అడుగుల సెయిల్ బోటు. 2.7 మీటర్ల పీవీసీ డింగీ, గాలి నింపే నేల. 5 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను. జనవరిలో విశాఖ నుంచి గోపాల్‌పూర్ మీదుగా పారాదీప్. ఇద్దరమే ఉంటాం. డేవిట్లు బిగించాలా, ముందు డెక్కు మీద బోర్లించాలా? స్పిన్నేకర్ హాల్యార్డ్ (ముందు పెద్ద తెరచాపని మాస్టు మీదికి లేపే తాడు) ఖాళీగానే ఉంది. కొలతలతో చెప్పండి, "జాగ్రత్తగా చెయ్యండి" అని వదిలేయకండి.

బరంపురం_డెక్కు
ముందుగా మాస్టు దగ్గర్నుంచి ఫోర్‌స్టే (మాస్టుని ముందు నుంచి పట్టే తీగ) దాకా టేపు పెట్టండి. 2.7 మీటర్ల డింగీ బోర్లిస్తే లంగరు విండ్లాస్ (లంగరు లాగే యంత్రం) దగ్గర మనిషి మోకాలు ఆనించుకునే చోటు మిగలాలి. మిగలకపోతే గాలి తీసి చుట్టి పెట్టడమే. లంగరుకి దారి మూసేసే డింగీ ఎంత బాగున్నా పనికిరాదు.

డేవిట్ల మాట. డింగీ బరువు వాటికో లెక్క కాదు, 30 కిలోలు. లెక్క నీళ్లది. లోపలి నేల సుమారు 1.9 మీటర్ల పొడవు, 0.7 వెడల్పు. అందులో 10 సెంటీమీటర్ల వాన నిలిస్తే 130 లీటర్లు, అంటే 130 కిలోలు. వెనక నుంచి అల ఎక్కి నిండిందా, ఇక చెప్పక్కర్లేదు. డేవిట్ల కాళ్ల కింద డెక్కు బోల్టులే ముందు చీలిపోతాయి. లంగరు వేసుకుని రాత్రి వేలాడదీయడానికి డేవిట్లు మంచివే, ప్లగ్గు తీసి వెనక భాగం కాస్త కిందికి ఉండేలా కడితే నీరు తనే పోతుంది. రాత్రంతా సముద్రం మీద నడిచే ప్రయాణానికి మాత్రం వద్దు.

ఇచ్ఛాపురం_రిగ్గింగ్
పై మాటకి ఒప్పుకుంటాను. ఒకటే సవరణ: ఒడ్డున ఒకే రేవు చుట్టూ తిరిగేవాళ్లకి డేవిట్లు నిజంగా సుఖం. మీ దారిలో అలాంటి రేవు లేదు. గంజాం తీరమంతా తెరిచిన సముద్రం, అల పక్క నుంచి వస్తూనే ఉంటుంది.

ఇక దింపడం. డెక్కు ముందుకి సన్నబడుతుంది కనక డింగీ ముక్కు ముందుకి పెట్టి బోర్లిస్తారు. హాల్యార్డ్‌ని ముక్కు రింగుకి తగిలించండి, స్క్రూ షాకిల్‌తో (మర తిప్పి మూసే ఇనప కొక్కెం). స్నాప్ షాకిల్ వద్దు, దాని రింగు లైఫ్‌లైన్‌కి (డెక్కు అంచు చుట్టూ ఉండే తీగ) తగిలితే తెరుచుకుంటుంది. ముందుగా పెయింటర్ తాడుని (డింగీ ముక్కుకి ఉండేది) మీ బోటు ముందు క్లీటుకి (తాడు కట్టే కొమ్ము) కట్టేయండి, రెండో తాడు డింగీ వెనక రింగుకి. ఈ రెండూ లేకుండా వించ్ (తాడు చుట్టి లాగే డ్రమ్ము) ముట్టుకోకూడదు, అది గాల్లో గుడి గంటలా ఊగుతుంది.

వించ్ తిప్పితే ముక్కు లేచి డింగీ నిలువుగా నిలుస్తుంది. అప్పుడు దాని పొట్ట (అడుగు భాగం) బోటు వెనక వైపు చూస్తుంటుంది. దాన్ని అర చుట్టు తిప్పి పొట్ట ముందు వైపుకి తీసుకురావాలి. ఇదే అందరూ మరిచేది. అలా తిప్పి లైఫ్‌లైన్ దాటించి నీళ్లలోకి వెనక భాగం దింపితే, పెయింటర్ ముందుకి లాగుతుంటే ముక్కు ముందుకే వాలి డింగీ నిటారుగా కూర్చుంటుంది. తిప్పకపోతే బోర్లా పడుతుంది, మళ్లీ మొదట్నుంచి.

దింపేటప్పుడు వించ్ మీద మూడు చుట్లయినా ఉంచండి, చేత్తో తాడు వదలండి. సెల్ఫ్ టెయిలర్‌లోంచి (వించ్ పైన తాడుని పట్టి ఉంచే గాడి) ఒక్కసారిగా ఊడదీస్తే అరచేతి తోలు పోతుంది.

ఛత్రపురం_తెరచాప
ఇంజను డింగీకే ఉంచి లేపొచ్చా?

ఇచ్ఛాపురం_రిగ్గింగ్
వద్దు. 5 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ 20 కిలోల దగ్గర ఉంటుంది, అదంతా వెనకే. ముక్కు పట్టి లేపితే ఆ బరువంతా ట్రాన్సమ్ (ఇంజను తగిలించే డింగీ వెనక పలక) అంటించిన చోట లాగుతుంది. ఇంజను మీ బోటు వెనక రెయిలు మీది పలకకి పోవాలి. చేతులతో ఒకరికొకరు అందించడం మానండి. నాలుగు చుట్ల కప్పీ బూముకి (తెరచాప కింది అడ్డ కర్ర) కట్టండి, రాపిడి పోగా మీ చేతికి వచ్చేది 7 కిలోలు. ఇంజనుకి సేఫ్టీ తాడు ముందు కట్టి, తర్వాతే క్లాంపు మరలు వదలండి. ఇంజను నీళ్లలో పడిపోయిన సంగతి ఎవరినడిగినా చెబుతారు.

గోపాల్‌పూర్_తెప్ప
బావూ, ఒడ్డు మాట ఎవులూ సెప్పలేదు గదా. మనకాడ డింగీ ఏసుకుని తీరానికి రావొద్దు. ఒడ్డు దగ్గర ఒకేసారి లోతు తగ్గిపోద్ది, కెరటం అక్కడే ఇరుగుద్ది. మా పెద్ద ఫైబర్ బోటే అల చూసి, ఆగి, గేప్ దొరికాక దూరుద్ది. 2.7 మీటర్ల రబ్బరు బోటు అడ్డం తిరిగితే ఎంటనే బోల్తా. వచ్చేటప్పుడు అల వెనకనుంచి తోసుద్ది, ముక్కు కిందకి గుచ్చుకుని ముందుకి పల్టీ. ఇంజను ప్రొపెల్లరు తిరుగుతూనే ఉంటాది, అది ఇంకా ప్రమాదం.

జనవరిలో సముద్రం మెత్తగానే ఉంటాది, అయినా మోకాలెత్తు కెరటం ఇరుగుతుంటే రావొద్దు. దూరంగా లంగరేసి, మనవాళ్ల బోటుకి సెయ్యి ఊపండి. తెలుగులో పిలిస్తే సాలు.

రంభ_రేవు
నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం, తాబేళ్ల కోసం. చిన్న బోటులో తిరుగుతుంటే ఆపి అడగొచ్చు. కాగితాలు నీళ్లు తగలని సంచిలో డింగీలోనే పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిలో నీటి మీద తలలు కనిపిస్తే ఇంజను ఆపి తెడ్లు వెయ్యండి.

చిలికాలో రంభ వైపు వెళ్లేవాళ్లకి: నైలాన్ వలలు, నీటి మొక్కలు. ప్రొపెల్లరు షియర్ పిన్ను (ఏదైనా తగిలితే ముందు విరిగే చిన్న పిన్ను) రెండు, పటకారు ఒకటి డింగీలోనే ఉంచండి.

బరంపురం_డెక్కు
గాలి గురించి. ట్యూబులకి సాధారణంగా 0.2 నుంచి 0.25 బార్, గాలి నేలకి 0.7 దాకా. మీ కంపెనీ అంకె వాల్వు పక్కనే ముద్రించి ఉంటుంది. పొద్దున 25 డిగ్రీల్లో 0.22 బార్ నింపి డెక్కు మీద ఎండలో వదిలారనుకోండి. లోపల గాలి 55 డిగ్రీలకి వేడెక్కితే లెక్క ప్రకారం 0.34 దగ్గరికి పోతుంది. అతుకులు అక్కడే విడుతాయి. ఎండలో ఉంచేముందు రెండు మూడు సెకన్లు వాల్వు నొక్కి తగ్గించండి. నీళ్లలో దింపాక చల్లబడి మెత్తబడుతుంది, పంపు చేతికి అందేలా ఉంచండి.

పీవీసీ ఎండకి జిగటగా అయిపోతుంది. బోర్లించాక గుడ్డ కవరు కప్పితే రెండు మూడేళ్లు ఎక్కువ వస్తుంది. ప్యాచ్ వేసేటప్పుడు జిగురు పీవీసీదే కావాలి, రెండు భాగాలు కలిపే రకం. హైపలాన్ (ఇంకో రకం డింగీ గుడ్డ) జిగురు పీవీసీకి పట్టదు. సైకిల్ ట్యూబు సొల్యూషన్ అసలే కాదు.

ఛత్రపురం_తెరచాప
చిన్న దూరానికి వెనక లాక్కెళ్తే?

ఇచ్ఛాపురం_రిగ్గింగ్
ఇంజను, తెడ్లు, ట్యాంకు తీసేసి, అల లేని నీటిలో మాత్రమే. పెయింటర్ పాలీప్రొపిలీన్ 8 లేదా 10 మిల్లీమీటర్లు, అది తేలుతుంది. నైలాన్ మునిగిపోయి మీ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. ముందు రెండు డీ రింగులకి కలిపి కట్టాలి, ఒక్క రింగు ఊడివస్తుంది. డింగీ మీ బోటు వెనక లేపే అలల్లో రెండోదాని మీద ఉండేలా పొడవు సర్దండి. రివర్స్ గేరు వేసే ముందు తాడుని చేతికి లాక్కుని పొట్టిగా కట్టేయాలి, దీన్ని లంగరు వేసే పని కంటే ముందు చేయండి.

ఛత్రపురం_తెరచాప
సరే, డేవిట్ల ఆలోచన మానేశాను. ఇంకొక్కటి: లేపినప్పుడు హాల్యార్డ్ ఎంత ఎత్తుకి పోవాలో ప్రతిసారీ చూసుకోవాలా?

ఇచ్ఛాపురం_రిగ్గింగ్
ఒక్కసారి గాలి లేని రోజు కొలిచి చూడండి. వెనక భాగం లైఫ్‌లైన్‌కి అడుగు పైకి వచ్చినప్పుడు వించ్ దగ్గర తాడు మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు మూడు చుట్లు. అది వించ్‌కి చేరగానే ఆపితే సరి. ఎండకి టేపు ఊడిపోతుంది, దాని బదులు రంగు దారంతో కుట్టేస్తే మేలు.

గోపాల్‌పూర్_తెప్ప
ప్లగ్గు పెట్టీసినావా అని దింపేముందు ఒకరు పైకి అరవాల, ఇంకొకరు చేత్తో తడిమి జవాబు సెప్పాల.