చూపుడువేలి కణుపు వాచింది, ఆఫ్ స్పిన్ మానకుండా దారి ఉందా?

సికింద్రాబాద్ ఆఫ్ స్పిన్:

అందరికీ నమస్కారం. నా వయసు 61. కుడిచేతి ఆఫ్ స్పిన్ వేస్తాను. పదహారో ఏట జింఖానా మైదానంలో బౌండరీ గీత పక్కన కూర్చుని, టెస్టు ఆఫ్ స్పిన్నర్ శివ్‌లాల్ యాదవ్ బంతి పట్టుకునే తీరు చూసి, ఇంటికొచ్చి కార్క్ బంతితో తిప్పడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆపలేదు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం మా బ్యాచ్‌తో పరేడ్ గ్రౌండ్స్‌లో ఆడుతున్నాం. మ్యాటింగ్ వికెట్, లెదర్ బంతి.

సమస్య కుడి చూపుడువేలిది. మధ్య కణుపు రెండేళ్ళుగా లావెక్కుతోంది. గోటి దగ్గరి కణుపుకి రెండు పక్కలా శనగగింజంత గట్టి బుడిపెలు వచ్చాయి. ఆఫ్ బ్రేక్‌కి చూపుడువేలు, మధ్యవేలు ఎడంగా చాపి సీమ్ (బంతి కుట్టు) మీద అడ్డంగా పట్టుకుంటాం కదా, తలుపు పిడి తిప్పినట్టు తిప్పి వదిలేటప్పుడు భారమంతా ఆ చూపుడువేలి మీదే పడుతుంది. మొదటి రెండు ఓవర్లు బాగానే ఉంటుంది. మూడో ఓవర్లో సలుపు మొదలవుతుంది. అయిదో ఓవర్‌కి వేలు వంగదు, బంతి జారి ఫుల్‌టాస్ పడుతుంది. సోమవారం పొద్దున చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటున్నాను. టిఫిన్ డబ్బా మూత మా ఆవిడ తీసి ఇస్తోంది.

ఒక క్లినిక్‌లో చూపించుకున్నాను. ఎక్స్‌రే తీసి, కణుపులో ఎముకల మధ్య ఖాళీ తగ్గిందన్నారు. "ఈ వయసులో క్రికెట్ ఎందుకండీ, మానేయండి" అని పది రోజులకి నొప్పి మాత్రలు రాసి రెండు నిమిషాల్లో పంపించేశారు. బీపీ ఉందా అని కూడా అడగలేదు, నాకు ఉంది. ఆ మానేయండి అన్న మాట ఇంకా మనసులోంచి పోవడం లేదు. వికెట్లు రాకపోయినా ఫర్వాలేదు. వారానికి నాలుగు ఓవర్లు చాలు. బంతి గాలిలో కాస్త ఆగి, బ్యాట్స్‌మన్ ముందుకొచ్చాక కిందికి దిగుతుంది చూడండి, దాన్ని వదులుకోలేను. వేళ్ళు కాపాడుకుంటూ వేస్తున్నవాళ్ళు ఉంటే ఏం మార్చుకున్నారో చెప్పండి.

గుంటూరు కీపర్:

అన్నా, నాకు 57. ముప్పై ఏళ్ళు కీపింగ్ చేశాను, నా పది వేళ్ళలో తిన్నగా ఉన్నవి ఆరే. మ్యాచ్‌కి ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి, నీళ్ళలోనే పిడికిలి మూసి తెరువు. ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకెళ్ళు, ఎవరేమనుకున్నా సరే. నేనైతే నొప్పి వేలిని పక్కవేలితో కలిపి టేప్ చుడతాను. నువ్వు బౌలర్‌వి కాబట్టి బంతి వేసే చేతికి టేప్ ఉంటే అంపైర్ ఒప్పుకోకపోవచ్చు, టాస్‌కి ముందే అడుగు. ఫీల్డింగ్‌లో మాత్రం స్లిప్‌కి దూరంగా ఉండు.

విశాఖ ఫిజియో:

సార్, నేను ఫిజియోథెరపిస్టుని. చెయ్యి చూడకుండా ఇది ఫలానా అని చెప్పను. కానీ ఒకటి అడగాలి. పొద్దున వేళ్ళు బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటోంది? అరగంటలోపు సర్దుకుంటే సాధారణంగా అది అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. గోటి దగ్గరి బుడిపెలు కూడా అటే చూపిస్తున్నాయి, వాటిని హెబర్డెన్ నోడ్స్ అంటారు. గంట దాటినా, రెండు చేతులకీ ఒకేలా ఉన్నా, మణికట్లు, పిడికిలి కణుపులు వేడిగా మెత్తగా వాచినా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళని దెబ్బతీసే జబ్బు కావచ్చు. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టర్, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రాస్తారు.

ఇంకొకటి. వంచిన వేలు ఇరుక్కుపోయి, టక్కుమని తెరుచుకుంటోందా? అది ట్రిగ్గర్ ఫింగర్. అక్కడ చెడింది కణుపు కాదు, అరచేతి వైపు టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) జారే దారి. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ చూస్తాం, దాని వైద్యం వేరు.

మీకు బీపీ ఉంది కాబట్టి నొప్పి మాత్రలు సొంతంగా కొనసాగించకండి, అవి బీపీని పెంచుతాయి, కిడ్నీల మీదా ప్రభావం ఉంటుంది. పైపూత జెల్ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. దగ్గర్లో వ్యాక్స్ బాత్ ఉన్న సెంటర్ చూసుకోండి. కరిగించిన మైనంలో చెయ్యి ముంచి తీస్తే పొరలు పొరలుగా పట్టుకుంటుంది, ఆ వెచ్చదనం తర్వాత వేళ్ళు కదిలించడం తేలిక. గట్టి రబ్బరు బంతి పిసుకుతున్నట్టయితే ఆపండి. వేళ్ళ చుట్టూ పల్చటి రబ్బరు బ్యాండు వేసి మెల్లగా తెరవండి.

డాలస్ ఎడమచేతివాటం:

అంకుల్, నాకు 54, లెఫ్టార్మ్ స్పిన్. మీకొచ్చిన సమస్యే నాకు 49లో వచ్చింది. మొదట వేళ్ళ మధ్య ఎడం తగ్గించాను. బంతిని వేళ్ళ కొసల్లోంచి కొంచెం లోపలికి జరిపి, ఉంగరపువేలికి ఆనించాను. ఇప్పుడు భారం ఎక్కువగా మధ్యవేలి మీద పడుతుంది, తిప్పుడంతా మణికట్టు, ముంజేతితోనే. టర్న్ సగమైంది, ఒప్పుకుంటాను. బదులుగా వేగం మార్చడం, క్రీజు వెడల్పు వాడడం నేర్చుకున్నాను.

నెట్స్‌లో మహిళల బంతి వాడండి. మన బంతి 156 నుంచి 163 గ్రాములు, వాళ్ళది 140 నుంచి 151. చుట్టుకొలత కూడా చిన్నది కాబట్టి వేళ్ళు అంత చాపక్కర్లేదు. మ్యాచ్‌లో కొత్త బంతి మీ చేతికి రానివ్వకండి, సీమ్ గట్టిగా కోస్తుంది. పదిహేను ఓవర్లు అరిగాక అడగండి. ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ అంతటివాడు 1996లో బంతి తిప్పే వేలికే ఆపరేషన్ చేయించుకుని, మళ్ళీ వచ్చి 708 టెస్టు వికెట్ల దాకా వెళ్ళాడు. వయసు తేడా ఉందనుకోండి, అయినా వేలు నొప్పెడితే ఆట అయిపోయిందని అనుకోవద్దు.

సికింద్రాబాద్ ఆఫ్ స్పిన్:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. ఫిజియో గారూ, నాకు పొద్దున పదిహేను నిమిషాల్లో వదిలేస్తోంది, వేలు ఇరుక్కోవడం లేదు. రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఈసారి డాక్టర్ గారు చెయ్యి పట్టుకుని ఒక్కో కణుపు నొక్కి చూశారు, బంతి ఎలా పట్టుకుంటారో చూపించమన్నారు. జేబులోంచి బంతి తీసి చూపించాను. పరీక్షల్లో రుమటాయిడ్ లేదు, అరుగుదలే. మాత్రలు ఆపించి జెల్ ఇచ్చారు. బౌలింగ్ మానమనలేదు, నాలుగు ఓవర్లు దాటొద్దన్నారు.

డాలస్ బాబూ, నువ్వు చెప్పిన పట్టు ఇంట్లో బత్తాయితో పదిహేను రోజులు సాధన చేశాను. టీవీ చూస్తూ కుడిచేత్తో తిప్పి ఎడమచేత్తో పట్టుకోవడం. మొదట్లో అన్నీ లెగ్ సైడ్ వెళ్ళేవి. మొన్న ఆదివారం పద్దెనిమిదో ఓవర్ నుంచి నాలుగు వేశాను, 19 పరుగులు, ఒక వికెట్. బంతి పెద్దగా తిరగలేదు. మెల్లగా వదిలినది ఒకటి మాత్రం గాలిలో ఆగింది, కుర్రాడు ముందుకొచ్చి మిడాఫ్‌కి లేపాడు.

కీపర్ తమ్ముడూ, ఫ్లాస్కు తీసుకెళ్తున్నాను. ఇప్పుడు మా జట్టులో ఇంకో ఇద్దరు అదే డబ్బాలో చేతులు పెడుతున్నారు.

సోమవారం పొద్దున పై మూడు గుండీలు కుడిచేత్తోనే పెట్టుకున్నాను. కింది రెండూ ఎడమచేత్తో.