‘త్సావ్ దాగూ’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: చైనా ఆస్థాన చిత్రాల మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నానండి. 18వ శతాబ్దంలో చియెన్‌లుంగ్ చక్రవర్తి కొలువులో ఉన్న జిన్ తింగ్‌బియావ్ వేసిన బొమ్మ దగ్గర ఆగిపోయాను. పాఠం చెబుతున్న పండితురాలి బొమ్మ. పేరును ఫోన్‌లో అనువాదం చేయిస్తే ‘త్సావ్ అందరూ పాఠం చెప్పుట’ అని వచ్చింది!

జవాబు: ఫోన్‌ని మరీ తిట్టకండి. పేరులో ‘త్సావ్’ తర్వాతి రెండక్షరాలూ ఇప్పటి చైనీసులో ‘దాజ్యా’, అంటే ‘అందరూ’. ఇక్కడ మాత్రం ‘దాగూ’ అని చదవాలి. ‘ఇల్లు’ అనే అక్షరం రాసి ‘గూ’ అని పలకడం పాత పద్ధతి. ‘దా’ అంటే పెద్ద. ‘గూ’ అంటే నాన్న అక్క లేదా చెల్లెలు. పాత చైనీసులో భర్త తల్లి కూడా. అచ్చం మన ‘అత్త’. కాబట్టి ‘త్సావ్ వారి పెద్దత్తగారు’.

ఇంకొకరు: అత్త అనగానే మనకు పెత్తనం గుర్తొస్తుందండీ, చదువు కాదు. ఆవిడ అసలు పేరు బాన్ జావ్ (గంజి జావ కాదు, ‘జాతి’లోని జ). క్రీ.శ. 92లో అన్న బాన్ గూ చనిపోతే ఆయన సగంలో వదిలిన హాన్ వంశ చరిత్రను పూర్తి చేసింది. చక్రవర్తి అంతఃపురానికి పిలిపించి రాణులకు గురువుగా పెట్టాడు. ‘దాగూ’ అక్కడ వచ్చిన గౌరవనామం. ‘ఉపాధ్యాయిని’ అంటే సరిపోదా?

మరొకరు: అమరకోశం చూడండి. ‘ఉపాధ్యాయాప్యుపాధ్యాయీ స్యాదాచార్యాపి చ స్వతః’. తానే పాఠం చెప్పేది ఆచార్య. ‘ఆచార్యానీ తు పుంయోగే’, అంటే ఆచార్యుడి భార్య అయితే ఆచార్యాని. స్వతః, పుంయోగే అని రెండు లెక్కలు. ఈవిడ పేరులో రెండూ ఉన్నాయి, గమనించారా? ‘దాగూ’ సొంత చదువుతో వచ్చింది. ‘త్సావ్’ మాత్రం చిన్న వయసులోనే పోయిన మొగుడి ఇంటిపేరు. పదహారు వందల ఏళ్ల తర్వాత బొమ్మ వేసినాయన కూడా బాన్ అనలేదు, త్సావ్ అనే అన్నాడు. నాకైతే అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఇంటిపేరు తీసేయకండి.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘త్సావ్ వారి పంతులమ్మగారు’ అని పెడతాను. పిలుపులో చనువూ ఉంది, మర్యాదా ఉంది.

జవాబు: బాగుంది. కానీ మా ఊళ్లో పంతులమ్మ అంటే పంతులుగారి భార్య!