ఇంటర్ కాలేజీలో ‘మనసు పీరియడ్’ పెట్టాలా?

హన్మకొండ అమ్మ:
మా బాబు హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. పోయిన ఆదివారం కలవడానికి వెళ్లాను. సర్వపిండి డబ్బా మూత తీశానో లేదో, “ఎందుకొచ్చావ్?” అని నెట్టేశాడు. నేనేమీ అనకుండా కూర్చున్నాను. పది నిమిషాలకు తనే ఏడ్చాడు. ఏమైందిరా అంటే “ఏమో, టెన్షన్” అన్నాడు, అంతే. పేరెంట్స్ మీటింగులో అడిగాను: కోపమో, భయమో, దుఃఖమో ముంచుకొస్తే ఏం చేయాలో వారానికి ఒక పీరియడ్ చెప్పండని. సగం మంది నవ్వారు. మీరేమంటారు?

లెక్కల సారు:
నవ్వను గానీ ఒప్పుకోను. ఇంటర్‌కు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ కూడా ఉండేది. సిలబస్ వెనకబడితే అందులో ఇంటిగ్రేషన్ చెప్పింది నేనే. మీ మనసు పీరియడ్‌కూ రెండు వారాల్లో అదే గతి. పరీక్ష లేకపోతే పిల్లలు పట్టించుకోరు, పెడితే అదొక కొత్త టెన్షన్. ఇంట్లో నేర్పాల్సినవి కాలేజీ నెత్తిన పెట్టకండి.

ములుగు రోడ్ వార్డెన్:
సార్, ఇంటికి నెలకొకసారి పోయే పిల్లలకు ఇంట్లో ఎప్పుడు నేర్పుతారు? 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయి కూడా. కాబట్టి పెద్దల తప్పులను వదిలేసి పిల్లలకు ఓర్పు పాఠాలు చెబుతామంటే నేనూ ఊరుకోను. కానీ వీక్లీ టెస్ట్ ముందు రాత్రి నా గది ముందు ‘కడుపునొప్పి సార్’ అంటూ నిలబడేవాళ్లను చూస్తే, ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. మాత్ర ఇచ్చి పంపడం తప్ప నాకూ ఇంకేం తెలియదు.

సైకాలజీ పీజీ, కాజీపేట:
అమ్మా, ఆ పది నిమిషాలు మీరు ఊరుకోవడమే మంచిదైంది. ఆగి ఆలోచించడానికి పనికొచ్చే, నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఇరవై అయిదేళ్ల వయసు దగ్గరపడే దాకా ఎదుగుతూనే ఉంటుంది. కోపాన్ని, భయాన్ని రేపే భాగాలు అంతకు ముందే జోరు మీదుంటాయి. గుండె దడదడలాడుతున్నప్పుడు “ఎందుకిలా చేశావ్?” అంటే జవాబు రాదు. ఊపిరి మెల్లగా, పొడవుగా వదిలితే దడ తగ్గుతుంది. లోపల ఉన్నదేమిటో పేరు పెట్టి చెప్పగలిగితే దాని పట్టు కొంత సడలుతుంది. ఇవి నేర్పదగ్గవే.

సెకండియర్ పోరడు:
ఆ కడుపునొప్పి వాళ్లల్లో నేనూ ఉన్నా (వేరే హాస్టల్ లెండి). మా నాయనమ్మ దగ్గర ఇంటి మీద మనసు పోతే రంది, చీకట్లో బయటికి పోవాలంటే బుగులు. వేర్వేరు మాటలు. కాలేజీకి వచ్చాక అన్నిటికీ టెన్షన్ ఒక్కటే. ర్యాంకుల లిస్టు గోడకు అంటిస్తే వచ్చేది టెన్షన్ కాదు, సిగ్గు. వార్డెన్ సార్‌తో “బుగులైతుంది” అంటే నవ్వుతాడేమోనని కడుపునొప్పి అన్నా. పీరియడ్ మాత్రం వద్దు. అరవై మంది ముందు ఎవడు చెప్తాడు? మా క్లాసులో ఒకడు చెప్పిండు, ఇప్పటికీ వాడి పేరు ‘ఏడుపు’.

లెక్కల సారు:
ఆ లిస్టు అంటించినవాళ్లలో నేనూ ఉన్నాను బాబూ. పోటీ పెరుగుతుందనే అనుకున్నాను. పీరియడ్ వద్దన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. లిస్టు విషయంలో మాత్రం ఇప్పుడు వాదించలేను.

ములుగు రోడ్ వార్డెన్:
క్లాసు కాకపోతే ఫోన్ ఉంది కదా. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, అర్ధరాత్రి కూడా మాట్లాడతారు. మా నోటీసు బోర్డు మీద రాసి పెట్టాం.

సెకండియర్ పోరడు:
మీ హాస్టల్ ఫోన్ ఎక్కడుంది సార్? మాది ఆఫీసులో, క్లర్క్ బల్ల మీద.

ములుగు రోడ్ వార్డెన్:
మాదీ అక్కడే. వైరు వెనక వరండా దాకా వస్తుందేమో రేపు చూపిస్తా.