మేడమీద గదికి చల్లగాలి చేరడం లేదు: డక్టులన్నీ మార్చాలా?

చెన్నై వేళచ్చేరిలోని మా రెండంతస్తుల ఇంట్లో, ఫాల్స్ సీలింగ్ పైనుంచి డక్టుల (గాలి గొట్టాల) ద్వారా అన్ని గదులకూ గాలి పంపే ఏసీ పెట్టించి 8 ఏళ్లయింది. కింద హాల్లో 24 డిగ్రీలు ఉన్నప్పుడే, మేడమీద పడమటి గదిలో అమ్మ మంచం పక్కన పెట్టిన థర్మామీటరు 30 చూపిస్తోంది. ఆమెకు 76 ఏళ్లు. అర్ధరాత్రి లేచి చెమటకు తడిసిన దిండు తిరగేసుకోవడం చూస్తుంటే మనసు కలుక్కుమంటోంది.

మొన్న సీలింగ్ పలక తీసి టార్చిలైటు వేసి చూశాను. ఆ గదికి వెళ్లే ఫ్లెక్సిబుల్ డక్టు ఒక ఇనుప కడ్డీ మీద మడతపడి, అతుకు దగ్గర టేపు ఊడి, చుట్టూ ఉన్న ఇన్సులేషన్ తడిసి నల్లబడి ఉంది. వచ్చిన మెకానిక్ ఇంకా పెద్ద ఏసీ కొనమన్నారు గానీ, గాలి దారిలోనే పోతుంటే యంత్రం పెద్దదైనంత మాత్రాన ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం.

డక్టులన్నీ జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకుతో మార్పించాలా, లేక ఆ ఒక్క వరుస మార్చి, అతుకులకు సీలెంటు పూసి, ప్రతి శాఖకూ డ్యాంపరు (గాలిని హెచ్చించే, తగ్గించే రేకు తలుపు) పెట్టి గాలిని సర్దితే సరిపోతుందా? తలుపు వేస్తే గది మరింత వేడెక్కుతోంది కనుక, గాలి తిరిగి వెళ్లే దారి లేకపోవడం కూడా ఒక కారణమా? ఎనిమోమీటరుతో (గాలి వేగం కొలిచే పరికరంతో) గదిగదికీ గాలి కొలిచి సర్దేవారు ఇక్కడ ఎంత తీసుకుంటారో, పని అప్పగించే ముందు వారిని ఏమేమి అడగాలో, ఇలాంటి పని చేయించుకున్నవారు దయచేసి తెలియజేయగలరు.