సంఘం కమిటీ పేర్లు యాజమాన్యానికి ముందే ఇవ్వాలా, సర్టిఫికెట్ వచ్చాకా?

గేట్ నంబర్ 2: మాది మందుల ఫ్యాక్టరీ. 90 మంది పర్మనెంట్, 210 మంది కాంట్రాక్ట్. సంఘం రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం, ఇంకా ఫైల్ చేయలేదు. కమిటీ పేర్లతో యాజమాన్యానికి ఇప్పుడే లెటర్ ఇవ్వాలా, సర్టిఫికెట్ వచ్చేదాకా గుట్టుగా ఉంచాలా?

పాత ఫిట్టర్: గుట్టుగా ఉంచండి. 300 మందిలో 30 మంది సభ్యులుండాలి, దరఖాస్తు మీద ఏడుగురు సంతకం పెడితే చాలు. అయితే ఆ ఏడుగురిలో సగానికి మించి మధ్యలో తప్పుకుంటే దరఖాస్తే పోయే ప్రమాదం ఉంది. అంటే నలుగురిని లొంగదీస్తే సరిపోతుంది. ఈ లెక్క హెచ్‌ఆర్‌కి తెలుసు. ఒక్కొక్కరినే పిలుస్తారు, ఇంటికి ఫోన్లు చేయిస్తారు.

కార్మిక పక్షం: అందుకే ఏడుగురితో ఆపకూడదు, ఇరవై మందితో పెట్టించండి. గుట్టు వల్ల ఇంకో నష్టం ఉంది. రేపు కార్యదర్శిని తీసేస్తే, సంఘం పెట్టినందుకే తీశారని చూపాల్సింది మనమే. ‘ఆయన యూనియన్‌లో ఉన్నట్టు మాకు తెలియదు’ అని వాళ్లంటే కేసు సగం పోయినట్టే. లెటర్ స్పీడ్ పోస్టులో పంపండి. కాపీ లేబర్ ఆఫీసులో ఇచ్చి తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ తేదీ, దాని తర్వాత వచ్చే షోకాజ్ తేదీ పక్కపక్కన పెడితే అదే సాక్ష్యం.

షిఫ్ట్ సి: తమిళనాడు శ్రీపెరుంబుదూరు శాంసంగ్‌ ఫ్యాక్టరీలో 2024 సెప్టెంబర్ 9 నుంచి 37 రోజులు సమ్మె జరిగింది. సంఘం పేరులో కంపెనీ పేరుందన్న పేచీతో రిజిస్ట్రేషన్ 2025 జనవరిలో గానీ రాలేదు. అన్నాళ్లు గుట్టు నిలుస్తుందా అన్నా?

పాత ఫిట్టర్: తీసేయడం వేరు. లెటర్ అందగానే వేరే రాష్ట్రానికి ట్రాన్స్‌ఫర్ కొడతారు. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ‘ఎక్కడైనా పనిచేయాలి’ అనే క్లాజు ఉండనే ఉంటుంది. దానికి జవాబు చెప్పండి.

కార్మిక పక్షం: జవాబుంది. వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే గైర్హాజరు కింద తీసేస్తారు, అసలు కేసు పక్కకి పోతుంది. అభ్యంతరం రాసిచ్చి అక్కడ చేరాలి, ఆ వెంటనే వివాదం వేయాలి. అక్కడ ఖాళీ ఉందా, అదే నెలలో ఇంకెవరినైనా పంపారా అని అడగాలి. దురుద్దేశంతో చేసే బదిలీని కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ రెండో షెడ్యూలు అన్యాయపు చర్యల్లోనే చేర్చింది.

పాత ఫిట్టర్: దానికి జరిమానా 10 వేల నుంచి 2 లక్షలు. కంపెనీకి అదొక లెక్కా?

డ్రయర్ సెక్షన్: మీరిద్దరూ ఆర్డర్ చేతికొచ్చేవాళ్ల గురించే కొట్టుకుంటున్నారు. 210 మందికి ఆర్డరే రాదు. పొద్దున గేటు దగ్గర వేలు పెడితే మిషన్ తీసుకోదు, అంతే. సెక్యూరిటీ కాంట్రాక్టర్‌ని అడగమంటాడు, కాంట్రాక్టర్ వర్క్ ఆర్డర్ అయిపోయిందంటాడు.

పాత ఫిట్టర్: వాళ్లను కలుపుకుంటే ముందు మునిగేది పర్మనెంట్ వాళ్లే. వాళ్ల సంగతి వాళ్ల కాంట్రాక్టర్‌తో తేల్చుకోవాలి.

డ్రయర్ సెక్షన్: సాల్వెంట్ డ్రమ్ములు దొర్లించేది, సెంట్రిఫ్యూజ్ నుంచి తడి పౌడర్ తీసి ట్రేలకెత్తేది ఎవరు? సమ్మె రోజున ఆ పని ఆగకపోతే మీ 90 మంది గేటు బయట నిలబడి ఏం లాభం?

కార్మిక పక్షం: ఫిట్టర్ గారూ, అసలు మాట ఇప్పుడు బయటపడింది. 2025 నవంబర్ 21 నుంచి కోడ్ అమల్లో ఉంది. ఒకటి కంటే ఎక్కువ సంఘాలుంటే, సంస్థ మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) 51 శాతం మద్దతున్న సంఘమే ఒంటరిగా బేరానికి కూర్చుంటుంది. కాంట్రాక్ట్ వాళ్ల పేర్లుండేది కాంట్రాక్టర్ మస్టర్‌లో. 90లో 46 మంది ఉంటే కుర్చీ మీదే. సింగరేణిలో 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘం ఎన్నిక జరిగితే అక్కడా కాంట్రాక్ట్ కార్మికులకు ఓటు లేదు. మీరు దాస్తున్నది యాజమాన్యం నుంచా, ఆ 210 మంది నుంచా?

పాత ఫిట్టర్: ఉన్న 90 ఉద్యోగాలు నిలబెట్టుకోవడం తప్పా?

షిఫ్ట్ సి: కాంట్రాక్ట్ తమ్ముళ్లూ, యూఏఎన్ (పీఎఫ్ నంబర్) పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. కాంట్రాక్టర్ పేర్లు మారుతుంటాయి, గేట్ పాస్ మాత్రం ఒకే ప్లాంటుది. రెండూ కలిపి చూపించాలి.

డ్రయర్ సెక్షన్: గేట్ 2 అన్నా, బైలాలో సభ్యత్వం క్లాజు ఎలా రాశారు?

గేట్ నంబర్ 2: ‘పర్మనెంట్ కార్మికులు’ అని.

డ్రయర్ సెక్షన్: ఫైల్ చేయకముందే ‘పర్మనెంట్’ కొట్టేయండి.

పాత ఫిట్టర్: కొట్టేస్తే మావాళ్లు సంతకాలు పెట్టరు.

గేట్ నంబర్ 2: ఎంతమంది పెట్టరో ఆదివారం మీటింగ్‌లో అడిగి ఇక్కడే చెబుతా.